గీత ఎక్కడ వంగుతుందో చూడండి

కిందటి సంచికలో మందులకు లొంగని బాక్టీరియా గురించి నాలుగు మాటలు రాశాను. తరువాత వచ్చిన ఉత్తరాల్లో చాలామంది అడిగింది ఒకటే: ఎంజైమ్‌ను ఆపడం అంటే ఏమిటి, ఆపితే మందు దొరికినట్టేనా? ఎంజైమ్ అంటే కణంలో ఒక రసాయన మార్పును చేసిపెట్టే ప్రొటీన్. నేను ఇరవై రెండేళ్లు క్షయ బాక్టీరియాలోని ఒకే ఒక్క ఎంజైమ్‌తో పనిచేశాను. అందుకని ఈసారి మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్ర: మా తమ్ముడు క్షయకు మందులు వాడుతున్నాడు. వాటిలో ఐసోనియాజిడ్ అనేది బాక్టీరియా ఎంజైమ్‌ను ఆపుతుందని చదివాను. ఒక్క ఎంజైమ్ ఆగితే అంత మొండి సూక్ష్మజీవి ఎలా చస్తుంది?
– ఒక పాఠకురాలు

జ: మీ తమ్ముడు త్వరగా కోలుకోవాలని ముందుగా కోరుకుంటున్నానమ్మా.

క్షయ బాక్టీరియా మొండితనం చాలావరకు దాని పైపొరలోనే ఉంది. మైకోలిక్ ఆమ్లాలు అనే పొడవాటి కొవ్వు పదార్థాలతో కట్టుకున్న మైనపు గోడ అది. మన ఒంట్లో ఎక్కువగా కనిపించే కొవ్వు ఆమ్లాల్లో పదహారో, పద్దెనిమిదో కార్బన్లు ఉంటాయి. మైకోలిక్ ఆమ్లాల్లో 60 నుంచి 90 దాకా ఉంటాయి. చాలా రకాల మందులు ఆ గోడ దాటి తేలిగ్గా లోపలికి పోలేవు.

అంత పొడవు గొలుసును బాక్టీరియా ఒకేసారి తయారు చేయదు. రెండేసి కార్బన్లు అతుక్కుంటూ పోతుంది. జత అతికిన ప్రతిసారీ ఆ అతుకు దగ్గర మూడు మార్పులు జరగాలి. వాటిలో ఆఖరిది, రెండు కార్బన్ల మధ్య మిగిలిన ద్విబంధాన్ని ఏకబంధంగా మార్చడం. ఆ పని చేసే ఎంజైమ్ పేరు ఇన్హా. డాక్టర్లు ఐసోనియాజిడ్‌ను ఐఎన్‌హెచ్ అంటారు. ఆ మూడు అక్షరాల నుంచే ఎంజైమ్‌కు పేరు వచ్చింది.

ఇన్హా ఆగితే గొలుసు ఆ అతుకు దగ్గరే నిలిచిపోతుంది. తరువాతి జత చేరదు. బాక్టీరియా మాత్రం పెరుగుతూనే ఉంటుంది, రెండుగా చీలబోతూనే ఉంటుంది. కొత్త గోడకు సరుకు లేదు. చివరికి కణం పగిలిపోతుంది. ఇది ఊహ కాదు. క్షయ బాక్టీరియాకు దగ్గరి చుట్టం మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్ అని ఒకటుంది. ఉష్ణోగ్రత పెంచితే ఇన్హా పాడైపోయే రకాన్ని అందులో తయారు చేసి చూశారు, 2000లో ఆ ఫలితం వెలువడింది. మందు చుక్క కూడా వేయలేదు. వేడి పెంచారు, ఇన్హా ఆగింది, మైకోలిక్ ఆమ్లాలు ఆగాయి, కణాలు పగిలాయి. ఎవరైనా వచ్చి ఫలానా ఎంజైమ్ మందుకు మంచి లక్ష్యం అంటే నేను మొదట అడిగేది ఇలాంటి రుజువునే. మందు లేకుండా ఆ ఎంజైమ్‌ను తీసేస్తే బాక్టీరియా నిజంగా చచ్చిందా, లేక రెండు రోజులు నీరసపడి మళ్లీ లేచిందా?

ఇంకో మాట మీ తమ్ముడి కోసం. పెరగకుండా నిద్రపోతున్నట్టు పడి ఉండే బాక్టీరియాకు కొత్త గోడ అవసరం అంతగా ఉండదు. అందుకే వాటి మీద ఐసోనియాజిడ్ అంత బాగా పనిచేయదు. వేరే మందులతో కలిపి నెలల తరబడి వాడమనడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. రెండో నెలకే ఒంట్లో బాగుందనిపించవచ్చు. అప్పుడు ఆపేయనివ్వకండి. మీరు దగ్గరుండి మింగించండి.

ప్ర: నేను ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఒక బాక్టీరియా రిడక్టేజ్ మీద పనిచేస్తున్నాను. నెల రోజులుగా 340 నానోమీటర్ల దగ్గర రీడింగులు తీయడమే సరిపోతోంది. ఇచ్చిన ముప్పై పదార్థాల్లో ఒక్కటీ ఎంజైమ్‌ను ఆపలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఈ గీతలకూ నిజమైన మందుకూ సంబంధం ఏమిటి?
– ఒక విద్యార్థిని

జ: నా విద్యార్థులతో మాట్లాడినట్టే నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. ఆ గీతలతోనే నా జీవితం గడిచింది కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను.

మిగతా పాఠకుల కోసం ముందు రెండు ముక్కలు. ఇన్హా వంటి రిడక్టేజ్ ఎంజైమ్‌లు ద్విబంధాన్ని తీసేయడానికి కావలసిన హైడ్రోజన్‌ను ఎన్ఏడీహెచ్ అనే అణువు నుంచి తీసుకుంటాయి. (కొన్ని దాని చుట్టమైన ఎన్ఏడీపీహెచ్ నుంచి తీసుకుంటాయి.) ఎన్ఏడీహెచ్ 340 నానోమీటర్ల కాంతిని పీల్చుకుంటుంది. హైడ్రోజన్ ఇచ్చేసి ఎన్ఏడీగా మారాక ఇక పీల్చుకోదు. అందుకని ఎంజైమ్ పనిచేస్తున్నంతసేపూ తెర మీద గీత కిందికి దిగుతూ ఉంటుంది. ఎంత ఏటవాలుగా దిగితే ఎంజైమ్ అంత వేగంగా ఉన్నట్టు. ఆపే పదార్థం వేస్తే ఆ వాలు తగ్గాలి. ఈ అమ్మాయి నెల రోజులుగా చూస్తున్నది ఆ వాలునే.

నేను ల్యాబ్‌లో చేరిన మొదటి వారం మా గైడ్ నా చేతికి ఒక చిన్న సీసాలో ఐసోనియాజిడ్ ఇచ్చి, ఇది ఇన్హాను ఎంత ఆపుతుందో కొలిచి చెప్పమన్నారు. ఎంజైమ్ ఐసు మీద పెట్టుకున్నాను. బఫరు (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణం), ఎన్ఏడీహెచ్, పన్నెండు కార్బన్ల గొలుసున్న సబ్‌స్ట్రేటు (ఎంజైమ్ మార్చే పదార్థం), అన్నీ వేసి ఐసోనియాజిడ్ కలిపాను. గీత మందు లేనప్పుడు ఎలా దిగిందో అలాగే దిగింది. పదింతలు వేశాను. అలాగే దిగింది. కొత్త బఫరు చేశాను, రీడింగు తీసే చిన్న గాజు గిన్నె, అదే క్యూవెట్, మార్చాను. సాయంత్రానికి నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. ప్రపంచమంతా వాడే మందు, నా క్యూవెట్‌లో ఉలుకూ పలుకూ లేదు.

మర్నాడు మా గైడ్ అన్నారు, "అది ఇంకా మందు కాలేదు."

నిజం అదే. ఐసోనియాజిడ్ తనంతట తాను ఇన్హాను ఏమీ చేయదు. క్షయ బాక్టీరియాలో క్యాట్‌జీ అనే మరో ఎంజైమ్ ఉంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి హానికర పదార్థాల నుంచి బాక్టీరియాను కాపాడటం దాని పని. అది ఐసోనియాజిడ్‌ను కొంత విరుస్తుంది. మిగిలిన ముక్క పక్కనే ఉన్న ఎన్ఏడీకి అతుక్కుంటుంది. ఇన్హాలో ఎన్ఏడీహెచ్ కూర్చునే చోటులోకి పోయి బిగుసుకునేది ఆ అతుకుడు అణువు. బాక్టీరియా తనను చంపే మందును తన చేతులతోనే తయారు చేసుకుంటోందన్నమాట. ల్యాబ్‌లో క్యాట్‌జీ లేకపోయినా మాంగనీస్ అయాన్లతో ఆ అణువును తయారు చేయవచ్చు.

ఈ సంగతి తెలియడానికి ఎంతకాలం పట్టిందో చూడు. ఐసోనియాజిడ్‌ను మొదట 1912లో ప్రాగ్‌లో తయారు చేశారు. క్షయ మీద పనిచేస్తుందని తెలిసింది 1952లో. మందుకు లొంగని బాక్టీరియాలో క్యాట్‌జీ జన్యువు పాత్ర బయటపడింది 1992లో. ఇన్హా జన్యువు 1994లో, ఆ ఎంజైమ్ ఆకారం 1995లో, లోపల కూర్చున్న అతుకుడు అణువు 1998లో. కోట్లమంది ఆ మాత్ర మింగి బాగుపడ్డాక గానీ అది ఎక్కడ కూర్చుంటుందో మనకు తెలియలేదు.

మళ్లీ నా క్యూవెట్ దగ్గరికి వద్దాం. రెండోసారి ఆ అతుకుడు అణువునే వేశాను. మొదటి నిమిషం గీత అంతకు ముందులాగే దిగింది. మళ్లీ ఇంతేనా అనుకుని క్యూవెట్ తీయబోయాను. మా గైడ్ నా చెయ్యి పట్టుకుని ఆపారు. కూర్చుని చూస్తూ ఉన్నాం. కొన్ని నిమిషాలు గడిచాక గీత నెమ్మదిగా వంగడం మొదలైంది. అరగంటకు దాదాపు అడ్డంగా పడుకుంది. ఎంజైమ్ ఆగిపోయింది. ఆ వంపు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది.

ఎందుకు ఆలస్యమైంది? ఆ అణువు ముందు వదులుగా వచ్చి కూర్చుంటుంది. తరువాత ఎంజైమే కాస్త సర్దుకుని దాన్ని బిగించి పట్టుకుంటుంది. ఒకసారి బిగిశాక వదలడం చాలా కష్టం. అన్నీ కలిపి చూస్తే ఆ పట్టు ఒక నానోమోలార్ కన్నా తక్కువ స్థాయిలో ఉంది. అంటే ఆ అణువు అతి కొద్దిగా ఉన్నా ఎంజైమ్‌ను వదిలిపెట్టదు.

అందుకే నిన్ను అడుగుతున్నాను: ఒక్కో పదార్థానికి ఎన్ని నిమిషాలు రీడింగు తీశావు? పుస్తకాలు మొదటి నిమిషం వాలే తీసుకోమంటాయి. మైకేలిస్, మెంటెన్ 1913లో చూపిన పద్ధతికి అదే సరైనది. కానీ నెమ్మదిగా బిగిసే పదార్థం మొదటి నిమిషంలో దొరకదు. ఆ ముప్పై పదార్థాలనూ మళ్లీ తీయి. ఈసారి ఎంజైమ్‌తో కలిపి అరగంట పక్కన పెట్టి, తరువాత సబ్‌స్ట్రేటు వేసి మొదలుపెట్టు. అలా పక్కన పెట్టేటప్పుడు ఒక వరుసలో నీ ఎంజైమ్ వాడే ఎన్ఏడీహెచ్ లేదా ఎన్ఏడీపీహెచ్ కలుపు, ఇంకో వరుసలో ఎన్ఏడీ లేదా ఎన్ఏడీపీ, మూడో వరుసలో ఏదీ వద్దు. కొన్ని పదార్థాలు ఆ సహచరి అణువు లోపల కూర్చున్నాకే వచ్చి అతుక్కుంటాయి. బాక్టీరియాను చంపే ట్రైక్లోసాన్ అనే పదార్థం అలాంటిదే. అది బాక్టీరియాలోని ఫాబ్‌ఐ అనే ఎంజైమ్‌ను పట్టుకునేది ఎన్ఏడీ తోడుగా ఉన్నప్పుడే.

ఒక జాగ్రత్త. పదార్థం వేయని గీత అంతసేపూ తిన్నగా ఉండాలి. అదీ వంగుతుంటే నీ సబ్‌స్ట్రేటు అయిపోతున్నట్టు, లేదా ఎంజైమ్ చచ్చిపోతున్నట్టు. అప్పుడు మిగతా వంపులకు అర్థం లేదు. ఎంజైమ్ తగ్గించి చూడు.

పదార్థం ఎంత గట్టిగా పట్టుకుంటుందనే లెక్కతోపాటు ఎంతసేపు పట్టుకుని ఉంటుందనే లెక్క కూడా కావాలి. ట్రైక్లోసాన్ ఇన్హాలోకి ఇలా వచ్చి అలా పోతుంది. దాని నిర్మాణంలో మార్పులు చేసి పీటీ70 అనే పదార్థాన్ని తయారు చేశారు. అది ఇన్హా మీద సగటున 24 నిమిషాలు కూర్చుంటుంది. ఒంట్లో మందు మోతాదు గంటగంటకూ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. రక్తంలో మందు తగ్గినా ఎంజైమ్ మీద ఉన్నది ఇంకా దిగకపోతే, అంతసేపూ రోగికి లాభమే. నువ్వు విసుక్కుంటున్న ఆ గీతలో ఇదంతా ఉంది. సంబంధం ఏమిటని అడిగావు కదా, ఇదే.

ఇక రెండో వైపు. ఏదైనా పదార్థం నీ ఎంజైమ్‌ను గట్టిగా ఆపితే సంతోషించే ముందు మూడు పరీక్షలు చెయ్యి. ఆ పదార్థం ఒక్కటే క్యూవెట్‌లో పోసి 340 దగ్గర చూడు. రంగున్నవి చాలావరకు తామే ఆ కాంతిని పీల్చుకుని రీడింగును గందరగోళం చేస్తాయి. తరువాత, ఆ రిడక్టేజ్‌తో ఏ సంబంధమూ లేని వేరే ఎంజైమ్ మీద వేసి చూడు. దాన్నీ ఆపితే అనుమానించాల్సిందే. మూడోది, బఫరులో ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ 0.01 శాతం కలిపి మళ్లీ తీయి. కొన్ని పదార్థాలు నీళ్లలో ముద్దలు కట్టి, ఎంజైమ్‌ను ఆ ముద్దలకు అతికించుకుని ఆపేస్తాయి. డిటర్జెంట్ వేస్తే ముద్దలు విడిపోతాయి, ఎంజైమ్ మళ్లీ పని మొదలుపెడుతుంది. ఈ మూడో పరీక్ష చేయకపోవడం వల్ల మేము ఒక పసుపురంగు పదార్థం వెంట నాలుగు నెలలు తిరిగాం. దాని నిర్మాణంలో పద్నాలుగు రకాల మార్పులు చేయించాం. చివరికి ఒక మధ్యాహ్నం డిటర్జెంట్ వేసి చూస్తే పద్నాలుగూ ముద్దలే. ఆ నాలుగు నెలలు నీకు పోకూడదనే ఇదంతా చెబుతున్నాను.

ప్ర: రోజూ క్షయ బాక్టీరియాతో పనిచేయడం మీకు భయం వేయలేదా?
– ఒక హైస్కూలు విద్యార్థి

జ: ఎంజైమ్‌తో పనిచేయడం అంటే క్షయ బాక్టీరియాతో పనిచేయడం కాదు బాబూ. ఇన్హా జన్యువును మాత్రమే తీసి, ల్యాబుల్లో వాడే ప్రమాదం లేని ఈ.కొలై రకంలో పెడతారు. అది పెరుగుతూ మనకు ఇన్హాను తయారు చేసి పెడుతుంది. ఆ కణాలను పగలగొట్టి, నికెల్ ఉన్న కాలమ్‌లో పోసి ఎంజైమ్‌ను వేరు చేస్తాం. 269 అమైనో ఆమ్లాల ప్రొటీన్ అది, నాలుగేసి కలిసి ఒక గుంపుగా ఉంటాయి. దాని వల్ల ఎవరికీ జబ్బు రాదు. నిజమైన క్షయ బాక్టీరియా మీద పదార్థాలను పరీక్షించేది ప్రత్యేకమైన గాలి ఏర్పాట్లున్న గదుల్లో, శిక్షణ పొందినవాళ్లు మాత్రమే.

ప్ర: ఎంజైమ్‌లు మనలోనూ ఉన్నాయి కదా. బాక్టీరియా ఎంజైమ్‌ను ఆపే మందు మనవాటిని ఎందుకు ఆపదు?
– ఒక ఉపాధ్యాయుడు

జ: కొన్నిసార్లు ఆపుతుంది మాస్టారూ. ఆపకుండా చూసుకోవడమే ఈ పనిలో సగం.

అన్నిటికన్నా మంచిది, మనలో అసలు లేని పనిని ఎంచుకోవడం. మైకోలిక్ ఆమ్లాలు మనం తయారు చేసుకోం. మామూలు కొవ్వు ఆమ్లాలు తయారు చేసుకుంటాం గానీ, ఆ పనులన్నీ మనలో ఒకే పెద్ద ప్రొటీన్‌లో జరుగుతాయి. బాక్టీరియాలో విడివిడి ఎంజైమ్‌లు చేస్తాయి. అలాగని నిశ్చింతగా ఉండటానికి లేదు. మన కణాలకు శక్తి తయారు చేసే మైటోకాండ్రియాలో విడి ఎంజైమ్‌లతో నడిచే చిన్న ఏర్పాటు ఒకటి ఉంది. ఇన్హాను ఆపే ప్రతి పదార్థాన్నీ దాని మీద కూడా పరీక్షించాలని నేను పట్టుబట్టేదాన్ని.

రెండో దారి, ఇద్దరిలోనూ ఉన్న ఎంజైమ్‌లో ఆకారం తేడాను పట్టుకోవడం. దీనికి డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మెథోట్రెక్సేట్ మన కణాల్లోని ఆ ఎంజైమ్‌ను గట్టిగా పట్టుకుంటుంది. అందుకే అది క్యాన్సర్ మందు అయింది. ట్రైమెథోప్రిమ్ కూడా అదే ఎంజైమ్‌ను పట్టుకుంటుంది, కానీ బాక్టీరియాలో ఉన్నదాన్ని మనలో ఉన్నదానికన్నా వేల రెట్లు గట్టిగా. అందుకే అది యాంటీబయోటిక్ అయింది. పేరు ఒకటే, చేసే పని ఒకటే, లోపలి గుంట ఆకారంలో కొద్దిపాటి తేడా. ఆ తేడాను వాడుకోగలిగాం. మీ క్లాసులో ఎంజైమ్‌ల పాఠం చెప్పేటప్పుడు ఈ రెండు మందులనూ పక్కపక్కన పెట్టి చెప్పండి, పిల్లలు మర్చిపోరు.

ప్ర: నేను కంప్యూటర్ డాకింగ్‌లో (అణువు ఎంజైమ్‌లో ఎలా ఇముడుతుందో లెక్కగట్టే పద్ధతి) ఒక మొక్కలోని పదార్థం ఇన్హాకు మైనస్ 9.8 స్కోరుతో అతుక్కుంటుందని చూపించాను. క్షయకు కొత్త మందు కనిపెట్టానని చెప్పుకోవచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థి

జ: చెప్పుకోకూడదు బాబూ. పరీక్షించదగిన ఒక ఊహ దొరికిందని మాత్రం చెప్పుకోవచ్చు, అదీ తక్కువేమీ కాదు.

ఒక్కటి ఆలోచించు. ఐసోనియాజిడ్‌నే సీసాలో ఉన్నది ఉన్నట్టుగా ఇన్హాలో డాకింగ్ చేస్తే దాని అసలు కథ బయటపడుతుందా? పడదు. ఇన్హాలో కూర్చునే అణువు సీసాలో లేనే లేదు, బాక్టీరియా లోపల తయారవుతుంది. కంప్యూటర్‌కు ఇచ్చిన అణువు గురించే అది చెప్పగలదు. పైగా సబ్‌స్ట్రేటు వచ్చే దారి పక్కన ఇన్హాకు ఒక మెలిక ఉంది. లోపల ఏముందనేదాన్ని బట్టి ఒకప్పుడు తెరుచుకుని, ఒకప్పుడు మూసుకుని ఉంటుంది. నువ్వు వాడిన ఎంజైమ్ ఆకారం బొమ్మ వాటిలో ఏదో ఒక్క క్షణానిది. ఆ పదార్థాన్ని కొను లేదా వేరు చెయ్యి, ఎంజైమ్ ఉన్న ల్యాబ్‌కు పంపు, గీత ఏమంటుందో చూడు. పై జవాబులో చెప్పిన డిటర్జెంట్ పరీక్ష మర్చిపోకు. మొక్కల పదార్థాల్లో ముద్దలు కట్టేవి చాలానే ఉన్నాయి.

ప్ర: ఎంజైమ్‌ను ఆపే పదార్థాలు ఇన్ని దొరుకుతున్నాయంటారు. మరి కొత్త యాంటీబయోటిక్‌లు ఎందుకు రావడం లేదు?
– ఒక ఫార్మసిస్టు

జ: క్యూవెట్‌లో ఎంజైమ్ బయటే ఉంటుంది. బాక్టీరియాలో గోడ లోపల ఉంటుంది. తేడా అంతా అక్కడుంది. పదార్థం గోడ దాటాలి, లోపలికి వెళ్లాక పంపులు దాన్ని బయటికి తోసేయకూడదు, బాక్టీరియా దాన్ని ముక్కలు చేయకూడదు.

గ్లాక్సోస్మిత్‌క్లైన్ సంస్థ 1995 నుంచి 2001 దాకా ఇలాంటి 70 పెద్ద వెతుకులాటలు చేసింది. వాటిలో 67 విడి ఎంజైమ్‌ల వంటి లక్ష్యాల మీద చేసినవే. చివరికి ముందుకు తీసుకెళ్లదగ్గవి ఐదంటే ఐదు దొరికాయి. ఆ ఫలితాన్ని వాళ్లు 2007లో దాచకుండా ప్రచురించారు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది. అది చదివాక మా ల్యాబ్‌లో ఒక నియమం పెట్టుకున్నాం: ఎంజైమ్‌ను ఆపిన ప్రతి పదార్థమూ ఆ నెలలోనే బతికున్న బాక్టీరియా మీదికి వెళ్లాలి. ఎంజైమ్ లెక్కలు ఎంత అందంగా ఉన్నా సరే.

తలకిందులుగా వచ్చిన మందు కూడా ఉంది. బెడాక్విలిన్ అనే క్షయ మందును ముందు ఎంజైమ్‌ను ఎంచుకుని వెతకలేదు. బతికున్న స్మెగ్మాటిస్ మీద పదార్థాలు వేసి, చంపినదాన్ని పట్టుకున్నారు. ఎలా చంపుతోందో తెలుసుకోవడానికి దానికి లొంగని బాక్టీరియాను పెంచి, వాటి జన్యువుల్లో ఏం మారిందో చదివారు. మార్పు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును తయారు చేసే ఏటీపీ సింథేజ్ అనే ఎంజైమ్‌లో దొరికింది. 2005లో ప్రకటించారు, 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. మరి ఎంజైమ్ అధ్యయనం దండగా అంటే, నేను ఒప్పుకోను. ఆ మందు ఎక్కడ కూర్చుంటుందో, ఎందుకు మనిషి ఏటీపీ సింథేజ్‌ను అంతగా ముట్టుకోదో తేల్చింది ఎంజైమ్ మీద పనిచేసినవాళ్లే. ఏ వైపు నుంచి మొదలుపెట్టినా ఎంజైమ్ దగ్గరికి రాక తప్పదు.

ప్ర: మా దగ్గరికి వచ్చే కొందరి పరీక్ష రిపోర్టులో క్యాట్‌జీ మార్పు అని, కొందరికి ఇన్హా మార్పు అని ఉంటుంది. రెండూ ఐసోనియాజిడ్‌కు లొంగనివే కదా, తేడా ఏమిటి?
– ఒక ఆరోగ్య కార్యకర్త

జ: చాలా మంచి ప్రశ్న. తేడా రోగికి నిజంగా ముఖ్యం.

క్యాట్‌జీలో ఎక్కువగా కనిపించేది 315వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లం త్రియోనిన్ అనే మరోదానిగా మారడం. ఆ మార్పు తరువాత కూడా క్యాట్‌జీ తన అసలు కాపలా పని చాలావరకు చేస్తూనే ఉంటుంది, కానీ ఐసోనియాజిడ్‌ను మందుగా మార్చడం దాదాపు మానేస్తుంది. ఇన్హాకు ఏమీ కాలేదు, అక్కడికి వెళ్లాల్సిన అణువే తయారు కాలేదు. ఇలాంటి బాక్టీరియా సాధారణంగా ఐసోనియాజిడ్‌కు గట్టిగా ఎదురు నిలుస్తుంది.

ఇన్హా మార్పు అని రాసినప్పుడు ఎక్కువసార్లు ఎంజైమ్ మారి ఉండదు. దాని జన్యువుకు ముందుండే మీట లాంటి భాగం మారి ఉంటుంది. దాంతో ఇన్హా మామూలు కన్నా ఎక్కువగా తయారవుతుంది, మందు అందరికీ చాలదు. ఈ ప్రతిఘటన తరచు తక్కువ స్థాయిలోనే ఉంటుంది. అందుకే కొందరికి డాక్టర్లు మోతాదు పెంచి ఐసోనియాజిడ్‌నే ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. కానీ ఎథియోనమైడ్ అనే మరో క్షయ మందు కూడా చివరికి ఇన్హానే పట్టుకుంటుంది కాబట్టి ఆ మందు వీళ్లకు పనిచేయకపోవచ్చు. ఎంజైమ్‌లోనే 94వ స్థానంలో సెరీన్ బదులు అలనిన్ వచ్చే రకం ఇంకొకటి ఉంది. అతుకుడు అణువు మీద ఎంజైమ్ పట్టు దాంతో సడలుతుంది. ఆ ఒక్క మార్పును క్షయ బాక్టీరియాలో పెడితే చాలు, అది మందుకు ఎదురు తిరుగుతుందని 2006లో చూపించారు.

మీరు చేయవలసింది ఒకటే: రిపోర్టులో ఆ రెండు పేర్లలో ఏదుందో రోగి కాగితం మీద స్పష్టంగా రాసి డాక్టరు కంటపడేలా చూడండి. మోతాదులు మార్చేది వాళ్లే.

క్యాట్‌జీ అవసరం లేకుండా నేరుగా ఇన్హాను పట్టుకునే పదార్థాల మీద చాలా ల్యాబులు పనిచేస్తున్నాయి. క్యాట్‌జీ మారిన రోగులకు అలాంటిది ఒకటి చేతికి రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను. నేను ఇన్నేళ్లు ఆ ఎంజైమ్‌ను వదలకపోవడానికి కారణం అదే.

ప్ర: నా పదార్థాలేవీ పనిచేయలేదు. పనిచేయని గీతలన్నీ థీసిస్‌లో పెడితే పేజీలు దండగని తోటివాళ్లు అంటున్నారు. పెట్టాలా వద్దా?
– ఒక పరిశోధక విద్యార్థి

జ: పెట్టండి. "ఆపలేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఎంత గాఢతలో వేశారు, ఎంజైమ్‌తో ఎంతసేపు కలిపి ఉంచారు, పదార్థాన్ని కరిగించిన డీఎంఎస్‌ఓ ద్రావకం ఎంత శాతం ఉంది, డిటర్జెంట్ ఉందా లేదా, ఎంజైమ్ ఏ రోజు తయారు చేసింది, ఇవన్నీ గీత పక్కనే రాయండి. గీతను మొదటి నిమిషం దగ్గర కత్తిరించకుండా తీసినంత మేరా వేయండి.

చాలా ఏళ్ల కిందట నా చేతికి ఒక పాత థీసిస్ వచ్చింది. చివరి పేజీల్లో పనిచేయని పదార్థాల గీతలన్నీ ఓపిగ్గా అచ్చువేసి ఉన్నాయి. ఆ థీసిస్ రాసినవారు మొదటి రెండు నిమిషాల వాలు చూసి, "ప్రభావం లేదు" అని పట్టికలో రాశారు. కానీ గీతను మాత్రం నలభై నిమిషాల దాకా వేశారు. పదకొండో పదార్థం గీత పదిహేనో నిమిషం దాటాక కొద్దిగా పక్కకు తిరిగింది. స్కేలు పెట్టి చూసుకున్నాను. ఆ పదార్థం తెప్పించి, కొత్త ఎంజైమ్ చేసుకుని, డిటర్జెంట్ వేసి, ఎన్ఏడీహెచ్‌తో ఒకసారి, ఎన్ఏడీతో ఒకసారి తీశాం. ఆ వంపు నిజమే.